కేబుల్ మీద బాణం గుర్తు, భద్రాచలం కల్యాణం: తీగకి దిక్కు ఉంటుందా?

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న బాణం గుర్తు గురించి. కాస్త ఖరీదైన ఆడియో కేబుల్ ఎప్పుడైనా చేతిలోకి తీసుకుంటే చూడండి, పైన తొడుగు మీద ఒక బాణం ముద్ర ఉంటుంది. ఫోన్ వైపు నుంచి స్పీకర్ వైపుకి అన్నట్టు. కొన్ని కంపెనీలైతే ఇంకో అడుగు ముందుకేసి, ఈ కేబుల్‌ని తిరగేసి పెడితే పాట క్వాలిటీ పడిపోతుంది అని కూడా చెప్తాయి. ఆ మాట నమ్మి వేలకు వేలు పెట్టేవాళ్ళు ఉన్నారు. స్టూడెంట్ దగ్గర వేలంటే మాటలు కాదు కదా. అందుకే దీని పుట్టుక నుంచి మొదలుపెట్టి చూద్దాం అనుకున్నా. అసలు రాగి తీగకి దిక్కు ఉంటుందా?

దీనికి జవాబు వెతకడానికి ముందు మనం భద్రాచలం వెళ్దాం. ఎందుకంటే తెలుగువాళ్ళు ఏటా ఒక ఊరి నుంచి తమ ఇంటి దాకా శబ్దం రావడం కోసం చెవులు రిక్కించి ఎదురుచూసిన సందర్భం ఏదైనా ఉందంటే, అది శ్రీరామనవమి నాడు భద్రాచలంలో జరిగే సీతారాముల కల్యాణం.

భద్రాచలం ఎక్కడుందో మీకు తెలుసు. గోదావరి ఒడ్డు, చుట్టూ అడవి. పాలనపరంగా చాలాసార్లు చేతులు మారిన ఊరు ఇది. 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, తర్వాత ఖమ్మం జిల్లాకి వచ్చింది, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. నది మీద వంతెన వచ్చింది 1965లో. అంతకు ముందు అవతలి ఒడ్డుకి పడవే గతి. హైదరాబాద్ నుంచి రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు. అంటే కల్యాణం చూడాలని ఉన్నా, రాలేనివాళ్ళే ఎక్కువ. వాళ్ళందరికీ దిక్కు రేడియో.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. అక్కడ పనిచేసిన ఉషశ్రీ గారి పేరు మీ అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, 1928లో పుట్టారు, 1990లో పోయారు. రేడియోలో రామాయణ, భారత ప్రవచనాలు, 'ధర్మసందేహాలు' కార్యక్రమం ఆయనకి పేరు తెచ్చాయి. వాటితో పాటు భద్రాచల కల్యాణానికి ఆయన చేసిన ప్రత్యక్ష వ్యాఖ్యానం. ప్రత్యక్ష వ్యాఖ్యానం అంటే ఇప్పటి మన లైవ్ కామెంటరీ అన్నమాట. కానీ క్రికెట్‌లో లాగా బంతి ఎటు పోయిందో చెప్పడం కాదు. పురోహితులు ఏం చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు, ఆ మంత్రం అర్థమేంటి, తలంబ్రాలు ఎప్పుడు పోస్తారు... ఇవన్నీ కళ్ళకి కట్టాలి, కానీ మంత్రం మీద మాట పడకూడదు. ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళకే అది చేతనవుతుంది.

సరే, ఆయన గొంతు మైక్‌లో పడింది. తర్వాత? మైక్‌లో పుట్టే కరెంటు చాలా చిన్నది, మిల్లీ వోల్టుల్లో ఉంటుంది. దాన్ని ఒక ఆంప్లిఫయర్ పెంచుతుంది. అక్కడి నుంచి రేడియో కేంద్రానికి చేరాలి. ఇప్పుడైతే శాటిలైట్, ఇంటర్నెట్. ఆ రోజుల్లో ఆకాశవాణి బయటి ఊరి నుంచి లైవ్ ఇవ్వాలంటే ఎక్కువగా తపాలా తంతి శాఖ వాళ్ళ లైన్ల మీదే ఆధారపడేది. మీరు పాత సినిమాల్లో చూసే టెలిఫోన్ స్తంభాలు, వాటి మీద పక్కపక్కనే సాగే రెండేసి తీగలు, అవే. లైన్ సరిగ్గా ఉందా లేదా అని ముందే ఒక టోన్ పంపించి చూసుకునేవాళ్ళు.

ఇప్పుడు మన ప్రశ్న ఇక్కడ పెట్టి చూద్దాం. ఆ తీగల్లో కరెంటు ఎటు పోతోంది? భద్రాచలం నుంచి విజయవాడకా?

కాదు! ఇదే చాలామంది తడబడే చోటు. శబ్దం అంటే ముందుకీ వెనక్కీ ఊగే గాలి. దాని నుంచి పుట్టిన కరెంటు కూడా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మనిషి చెవికి వినపడేది సెకనుకి 20 నుంచి 20,000 ఊపులు. ఒక చదరపు మిల్లీమీటర్ రాగి తీగలో ఏకంగా 1 ఆంపియర్ కరెంటు పంపినా, అందులో ఎలక్ట్రాన్లు కదిలే వేగం సెకనుకి మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా ఉండదు. అదీ సెకనుకి వెయ్యిసార్లు దిశ మార్చుకుంటూ ఉంటే, ఒక్కో ఎలక్ట్రాన్ తన చోటు నుంచి జరిగేది ఓ 12 నానోమీటర్లు. తల వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు. అక్కడికక్కడే ఊగిసలాట. భద్రాచలం తీగలో ఉన్న ఎలక్ట్రాన్ భద్రాచలంలోనే ఉండిపోతుంది. విజయవాడ చేరేది ఆ ఊపు, అంటే శక్తి. జాతరలో జనం ఒకరినొకరు తోసుకుంటే తోపు చివరి దాకా వస్తుంది కదా, మొదట తోసినవాడు రాడు. అలాగ.

మరి తీగ సగం సమయం ఇటు, సగం సమయం అటు కరెంటుని మోస్తుంటే, బాణం ఎటు గీయాలి? దీన్ని పట్టుకుని చరిత్రలోకి వెళ్తే భలే విషయం ఒకటి తెలుస్తుంది.

1876లో గ్రాహం బెల్ పేటెంట్ తీసుకున్న టెలిఫోన్ ఉంది చూడండి, తర్వాతి ఏడాది జనానికి అద్దెకిచ్చిన వాటిల్లో మాట్లాడటానికీ వినడానికీ ఒకటే పరికరం. అయస్కాంతం, తీగ చుట్ట, పల్చటి రేకు. మీ నోరు రేకుని ఊపితే కరెంటు పుడుతుంది. కరెంటు వస్తే రేకు ఊగి శబ్దం వస్తుంది. బ్యాటరీ కూడా అక్కర్లేదు. అంటే ఆ టెలిఫోన్‌లో తీగకే కాదు, అసలు ఏ భాగానికీ దిక్కు లేదు. మీ దగ్గర పాత వైర్ ఇయర్‌ఫోన్ ఉంటే, దాన్ని కంప్యూటర్ మైక్ రంధ్రంలో పెట్టి అందులో మాట్లాడి చూడండి. సన్నగానైనా రికార్డ్ అవుతుంది. బెల్ ఫోన్‌కి అది మునిమనవడు.

దిక్కు ఎప్పుడొచ్చింది? 1877, 78 ప్రాంతంలో కార్బన్ మైక్ వచ్చినప్పుడు. ఎడిసన్, హ్యూస్ ఇద్దరి పేర్లూ వినిపిస్తాయి దీని వెనుక. కార్బన్ మైక్ బ్యాటరీ కరెంటుని మాటకి తగ్గట్టు పెంచి తగ్గిస్తుంది. గొంతు చాలా గట్టిగా వస్తుంది. కానీ అది మాట్లాడగలదు తప్ప వినిపించలేదు. అక్కడితో టెలిఫోన్‌కి నోరు వేరు, చెవి వేరు అయ్యాయి. తీగ మాత్రం ఎప్పటిలాగే ఉంది.

అసలైన వన్ వే తర్వాత వచ్చింది. తీగ పొడుగయ్యే కొద్దీ మాట నీరసిస్తుంది. వందల కిలోమీటర్లు దాటితే చివర వినపడేది గుసగుస. దాన్ని మధ్యలో పెంచే దారి వాక్యూమ్ ట్యూబ్‌తో దొరికింది. 1915 జనవరి 25న అమెరికాలో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి, సుమారు 5,500 కిలోమీటర్ల లైన్ మీద బెల్ తన పాత సహాయకుడు వాట్సన్‌తో మాట్లాడాడు. దారిలో ట్యూబ్ రిపీటర్లు పెట్టారు. రిపీటర్ అంటే లోపలికి వచ్చిన చిన్న సిగ్నల్‌ని పెంచి అవతలికి పంపేది. ఈ ఆంప్లిఫయర్‌కి మాత్రం ఖచ్చితంగా దిక్కు ఉంది. ఇన్‌పుట్‌లో పెట్టింది అవుట్‌పుట్‌లో వస్తుంది. తిరగేస్తే ఏమీ రాదు.

ఫోన్‌లో ఇద్దరూ మాట్లాడుకోవాలి కాబట్టి అటొకటి, ఇటొకటి రెండు ఆంప్లిఫయర్లు పెట్టాల్సి వచ్చేది. ఒకదాని అవుట్‌పుట్ రెండోదాని ఇన్‌పుట్‌లోకి కారితే లైన్ మొత్తం ఈల వేసేది. పెళ్ళిలో మైక్‌ని స్పీకర్ ముందుకి తీసుకెళ్తే కీచుమంటుంది చూడండి, అదే జబ్బు. రేడియో కార్యక్రమాల కోసం వాడే లైన్లకి ఈ గొడవ లేకుండా ఒకవైపే ఆంప్లిఫయర్లు పెట్టేవాళ్ళు. కార్యక్రమం ఎటు నుంచి ఎటు పోతుందో దాన్ని బట్టి వాటిని తిప్పుకునే ఏర్పాటు కూడా కొన్ని దేశాల్లో ఉండేది. ఇక్కడ దిక్కు తప్పితే క్వాలిటీ తగ్గడం కాదు, నిశ్శబ్దం. లైవ్‌లో నిశ్శబ్దం అంటే ఏంటో రేడియో వాళ్ళని అడగాలి.

మామూలు టెలిఫోన్ లైన్ ఇంకో పని కూడా చేసేది. అది సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే మోస్తుంది. వ్యాఖ్యాత మాటకి అది చాలు. కానీ డోలు కింది స్థాయి దెబ్బ, సన్నాయి పైన మెరిసే అంచు, రెండూ పోతాయి. అందుకే కార్యక్రమాలకి వీలైతే ఇంకా వెడల్పైన లైన్లు తీసుకునేవాళ్ళు. తీగ నిజంగా శబ్దాన్ని మార్చిన సందర్భం ఇదిగో, ఇది. పొడవు, మందం, తీగల మధ్య దూరం, మధ్యలో ఉన్న పరికరాలు. దిక్కు ఈ లిస్టులో లేదు.

చిన్న పిట్టకథ. భద్రాచలం గుడి పేరెత్తితే రామదాసు గారు రావాలి, ఆయనొస్తే గోల్కొండ రావాలి. 17వ శతాబ్దంలో తానీషా కాలంలో కంచర్ల గోపన్నని పెట్టిన చెరసాల అక్కడే చూపిస్తారు. ఆ కోటలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కిలోమీటర్ దూరంలో, పైన బాలాహిసార్‌లో వినపడుతుందని గైడ్లు కొట్టి మరీ వినిపిస్తారు. ఎవరూ అడగని ప్రశ్న: పైన కొడితే కింద వినపడుతుందా? భౌతికశాస్త్రం ప్రకారం వినపడాలి. మధ్యలో పెంచే యంత్రం లేని దారి, అది గాలి అయినా రాగి అయినా, రెండు వైపులా ఒకేలా పనిచేస్తుంది. 19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్, రేలీ దీన్ని లెక్కగట్టి చూపించారు. గాలి వీచే దిశ లాంటివి కొంచెం తేడా తెస్తాయి, అది వేరే సంగతి. రాగిలో గాలి వీయదు.

మరి బాణం ఎక్కడి నుంచి వచ్చింది? 1970ల దాకా స్పీకర్ వైరు అంటే దీపానికి వాడే మామూలు వైరే. 1970ల చివర్లో జాన్ హిరాగా అనే ఫ్రెంచ్ ఆడియో రచయిత లాంటివాళ్ళు తీగలకి కూడా సౌండ్ ఉంటుందని రాయడం మొదలుపెట్టారు. 1979లో అమెరికాలో నోయెల్ లీ మాన్‌స్టర్ కేబుల్ పెట్టాడు. లావుపాటి తీగ, మంచి ప్యాకింగ్, మంచి రేటు! 1980లో ఆడియోక్వెస్ట్ వచ్చింది. తీగకి దిక్కు ఉందని గట్టిగా ప్రచారం చేసిన కంపెనీల్లో ఇది ముందుంటుంది. వాళ్ళ వాదన ఏంటంటే, రాగిని చిన్న రంధ్రం గుండా లాగి తీగ చేస్తారు కదా, అప్పుడు లోపలి స్ఫటికాలు లాగిన వైపుకి వాలతాయి, కాబట్టి ఒక దిశలో సాఫీగా, ఇంకో దిశలో గరుకుగా ఉంటుంది అని. వరి వెన్నుని చేత్తో నిమిరినట్టు. వినడానికి బాగుంది. నాకూ నచ్చే పోలికే.

కానీ కరెంటు రెండు వైపులా పోతుందని ఇందాకే చూశాం. ఒక వైపు గరుకైతే, తీగని ఎటు పెట్టినా ప్రతి ఊపులో సగం ఆ గరుకు మీదుగానే వెళ్ళాలి. తిప్పి పెట్టినంత మాత్రాన ఆ సగం ఎక్కడికీ పోదు.

ఇంకో వాదన ఉంది, స్ఫటికాల మధ్య ఉండే ఆక్సైడ్ పొర చిన్న చిన్న డయోడ్‌లా, అంటే వన్ వే గేటులా పనిచేస్తుంది అని. దీంట్లో ఒక నిజం దాక్కుని ఉంది, అందుకే జనం నమ్ముతారు. రాగి, దాని మీద ఆక్సైడ్ కలిస్తే డయోడ్ అవుతుంది, 1920ల్లో అలాంటి రెక్టిఫయర్లు అమ్మారు కూడా. అంతకు ముందే మన జగదీశ్ చంద్రబోస్ గెలీనా స్ఫటికంతో రేడియో తరంగాలని పట్టే పరికరానికి అమెరికా పేటెంట్ పొందారు, 1904లో. బ్యాటరీ లేని క్రిస్టల్ రేడియోలన్నీ ఆ ఒక్క వన్ వే గుణం మీదే పాడాయి.

అయితే ఆలోచించండి. మీ కేబుల్‌లో నిజంగా డయోడ్ ఉంటే ఏమవుతుంది? అది క్రిస్టల్ రేడియో అవుతుంది! పాట మధ్యలో 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ కేంద్రం వినపడాలి. పెద్ద ట్రాన్స్‌మిటర్ల పక్కన తుప్పు పట్టిన జాయింట్లు ఇలాంటి పనే చేస్తాయి, ఇంజనీర్లకి తెలిసిన గోలే. మంచి రాగి తీగ చెయ్యదు. అందులో వన్ వే గేటు లేదు కాబట్టి.

ఇప్పుడు న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. బాణం గుర్తున్న ప్రతి కేబుల్ మోసం కాదు. కొన్ని కేబుళ్ళలో రెండు తీగల చుట్టూ వల లాంటి కవచం ఉంటుంది, షీల్డ్ అంటారు. బయటి కరెంటు వైర్ల నుంచి వచ్చే 'హుమ్మ్...' అనే రొదని ఆపడానికి. ఆ షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్‌కి కలిపితే కొన్నిచోట్ల రొద తగ్గుతుంది. ఏ చివర కలిపారో బయటికి కనపడదు కాబట్టి బాణం గీస్తారు. తిప్పి పెడితే రొద విషయంలో కొంచెం తేడా రావచ్చు. అది కేబుల్ కట్టిన పద్ధతికి గుర్తు, రాగి స్వభావానికి కాదు. ఈ రెండిటినీ కలిపేసి అమ్మడమే నాకు నచ్చని సంగతి.

"కానీ నాకు తేడా వినిపించింది" అని అనేవాళ్ళు ఉంటారు. అబద్ధం చెప్తున్నారని నేను అనను. ఖరీదు తెలిస్తే చెవి కూడా మారుతుంది. అందుకే ఏ తీగ పెట్టారో చెప్పకుండా వినిపించే పరీక్షలు వచ్చాయి. 1983లో స్టీరియో రివ్యూ పత్రిక స్పీకర్ కేబుళ్ళకి అలాంటి పరీక్ష పెట్టింది. బాగా సన్నని 24 గేజ్ తీగకీ లావు తీగకీ మధ్య తేడా కొంత పట్టుకోగలిగారు. మామూలు 16 గేజ్ వైరుకీ, ఖరీదైన మాన్‌స్టర్‌కీ మధ్య పాటలు వింటూ పట్టుకోలేకపోయారు. అది దిక్కు పరీక్ష కాదు లెండి, కేబుల్ పరీక్ష. దిక్కు పరీక్ష మీరే ఇంట్లో చేసుకోవచ్చు. మీ తమ్ముడినో చెల్లినో కూర్చోబెట్టి, బొమ్మా బొరుసూ వేసి కేబుల్‌ని తిప్పమనండి. మీకు కనపడకూడదు, వాళ్ళ మొహం కూడా కనపడకూడదు. 16 సార్లు చెప్పండి. ఊరికే ఊహించి చెప్పినా 12 లేదా అంతకు మించి కరెక్ట్ అయ్యే అవకాశం 100లో 4 మాత్రమే. 12 దాటితే మళ్ళీ ఒకసారి చెయ్యండి, అప్పుడు మాట్లాడుకుందాం.

నిజంగా తీగ మీద ఎక్కడ జాగ్రత్త పడాలో మన ఊళ్ళో మైక్ సెట్ వాళ్ళకి బాగా తెలుసు. నవమి పందిరి నుంచి వీధి చివర హారన్ దాకా 100 మీటర్ల వైరు లాగాలి అనుకోండి. పోనూ రానూ కలిపి 200 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటర్ రాగి అయితే దాదాపు 3.4 ఓమ్‌ల అడ్డు. 8 ఓమ్‌ల స్పీకర్‌ని నేరుగా కడితే వైరే దాదాపు 30 శాతం శక్తిని తినేసి వేడెక్కుతుంది. అందుకే పెద్ద మైక్ సెట్లలో 100 వోల్ట్ లైన్ వాడతారు, ఒక్కో హారన్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి. 50 వాట్ల లోడ్ అయితే అదే వైరులో పోయేది 2 శాతం లోపే. ఊళ్ళకి కరెంటు హై టెన్షన్ లైన్ల మీద తెచ్చే కిటుకే ఇది కూడా.

2020 ఏప్రిల్ 2న వచ్చిన నవమి గుర్తుంది కదా, లాక్‌డౌన్. మిథిలా స్టేడియంలో జరగాల్సిన కల్యాణం జనం లేకుండా గుడిలోనే చేశారు. ఆ ఏడాది భక్తులందరికీ అది చేరింది ప్రసారం ద్వారానే, చాలామందికి మీలాగే ఫోన్ తెర మీద. ఇప్పుడు శబ్దం అంకెలైపోయి వస్తుంది. ఒకటీ సున్నా సరిగ్గా చేరితే చేరినట్టే, కేబుల్‌ని బట్టి సన్నాయి తియ్యబడటం అనేది ఉండదు.

అయితే ఈ డిజిటల్ కాలంలోనే నిజంగా దిక్కున్న కేబుళ్ళు వచ్చాయి. టీవీకి పెట్టే పొడుగాటి ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ కొంటే రెండు చివర్లా పేర్లు చూడండి, ఒకటి ప్లేయర్‌కి, ఒకటి తెరకి. ఒక చివర కరెంటుని వెలుగుగా మార్చే చిప్, ఇంకో చివర వెలుగుని కరెంటుగా మార్చే చిప్. తిప్పి పెడితే బొమ్మ రాదు. 1915 నాటి రిపీటర్ కథే మళ్ళీ. గోడలోంచి లాగేముందు రెండుసార్లు చూసుకోండి, ఒకసారి లాగాక తిప్పడం చాలా కష్టం. అదే స్టేజీ మీద వాడే ఎక్స్‌ఎల్ఆర్ మైక్ కేబుల్ అయితే ఆ చింత కూడా లేదు. సిగ్నల్ బయటికి వచ్చే చివర పుల్లలు, లోపలికి వెళ్ళే చివర రంధ్రాలు ఉండేలా సాకెట్లు తయారు చేస్తారు. తిరగేస్తే ప్లగ్ దూరదు. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.